రెండు శ్రీరాంపూర్‌లు - ఒక పాఠము



ఉత్తర తెలంగాణలో గోదావరికి దగ్గరలో ఉన్న శ్రీరాంపూర్‌ను గూర్చి ఈ నెల కొన్ని మాటలు వ్రాయ తలంచాము. అక్కడ చూచి రావలసిన కోట గాని జలపాతము గాని లేదు. అది బొగ్గు ఊరు. అయినను, ఇల్లు వాకిలి విడిచి ప్రాణము దక్కించుకొని వచ్చిన తోటి విశ్వాసులను సంఘము ఎలా చేర్చుకోవాలి అనే ప్రశ్నకు ఆ ఊరిలో మాకు ఒక జవాబు దొరికినది. దానిని మీతో పంచుకొనుటే మా ఉద్దేశము.

ఎవరికీ సొంతూరు కాని ఊరు

గోదావరిఖనిలో మంచిర్యాల బస్సు ఎక్కితే కొంతసేపటికి గోదావరి వంతెన వస్తుంది. వంతెన దాటితే పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి అది మంచిర్యాల జిల్లా అయినది. ఇందారం దాటిన తరువాత దూరాన కొండలు కనబడతాయి. అవి దేవుడు చేసిన కొండలు కావు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీద ఉన్న మట్టిని తవ్వి, టిప్పర్లతో తెచ్చి పోసిన దిబ్బలు. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము ఉంటుంది. వరుసగా కట్టిన సింగరేణి క్వార్టర్లు, వాటి ముందు తులసి కోటలు, కొన్ని గుమ్మముల మీద సిలువ గుర్తు, మధ్యలో టీ కొట్లు. మూడు షిఫ్టులు నడిచే ఊరు గనుక ఏ వేళలో వెళ్ళినా ఒకరు పనికి పోతూ, ఒకరు పని నుంచి వస్తూ ఉంటారు.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో అక్కడ బొగ్గు త్రవ్వకము మొదలైనది. దగ్గరి ఊరి పేరున సింగరేణి అనే పేరు స్థిరపడినది. తరువాతి దశాబ్దములలో గనులు గోదావరి లోయ పొడవునా పైకి సాగి బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, శ్రీరాంపూర్ వరకు వచ్చాయి. గని ఎక్కడ పడితే అక్కడికి మనుష్యులు వచ్చారు. కరువులో ఎండిన పొలము విడిచి వచ్చినవారు, దొర గడీలో వెట్టి చేయలేక వచ్చినవారు, అప్పులవాడి కంటబడకుండా వచ్చినవారు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తినవారిలో ఆ గడ్డ మీద పుట్టినవారు కొద్దిమందే.

అక్కడి విశ్వాసులు కూడా అలాగే వచ్చినవారు. మేము మా సంఘము నుంచి ముగ్గురము కలిసి ఒక శనివారము సాయంకాలము అక్కడికి చేరాము. ఆ రాత్రి భోజనము దగ్గర పెద్దలను, "మీ ఊరేది?" అని అడిగితే ఒక్కరు కూడా శ్రీరాంపూర్ అని చెప్పలేదు. ఒకరు జమ్మికుంట దగ్గర పల్లె అన్నారు, మరొకరు జనగామ వైపు, ఇంకొకరు నల్లగొండ. బాయి పని చేసి రిటైరైన ఒక తాత నవ్వి, "అందరం బతకవచ్చినోళ్లమే అయ్యగారూ! ఎవరు ముందొచ్చిన్రు, ఎవరు ఎనకొచ్చిన్రు, గంతే ఫరక్" అన్నాడు.

ముందు వచ్చినవారు, వెనుక వచ్చినవారు. ఆ తేడా మీదనే మా మాట నడిచినది.

చెప్పుల దగ్గర కూర్చున్న కుటుంబము

ఆ సంఘములో ఒడిశా నుంచి వచ్చిన ఒక కుటుంబము ఉన్నది. వారి క్షేమము కొరకు పేర్లు గాని ఊరు గాని వ్రాయుట లేదు. 2008 ఆగస్టులో కంధమాల్ జిల్లాలో జరిగిన అల్లర్లు మీలో అనేకులకు జ్ఞాపకముండును. అంతకుముందు 2007 డిసెంబరు పండుగ దినములలోనే అక్కడ మందిరములు కాలిపోయాయి. 2008 ఆగస్టు 23న ఒక హిందూ స్వామీజీ హత్యకు గురయ్యారు. ఆ హత్య ఘోరమైనది, దానిని ఖండించని క్రైస్తవుడు ఉండకూడదు. అయితే ఆ కోపము ఆ హత్యతో ఏ సంబంధము లేని పల్లెల మీద పడినది. వేలాది ఇళ్ళు కాలిపోయాయి. దాదాపు 50 వేలమంది అడవులలోనికి, శిబిరములలోనికి పోవలసి వచ్చినది. వారిలో చాలామంది తిరిగి తమ ఊళ్ళకు చేరలేదు.

ఈ కుటుంబము శిబిరములో కొన్ని నెలలు గడిపి, ఆ తరువాత కూలి వెదకుకొంటూ ఊరూరు తిరిగి, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలలో పనిచేసి, చివరకు ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికి శ్రీరాంపూర్ వచ్చినది. పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతముల ఇటుక బట్టీలలో ఏటేటా ఒడిశా కూలీలు పనిచేయుట మనము చూస్తూనే ఉన్నాము. వారు మన పొలముల పక్కనే గుడిసెలు వేసుకొని ఉంటారు. వారిలో ఎవరు పని కొరకు వచ్చారో, ఎవరు ఊరు లేక వచ్చారో మనము అడుగము. కాందిశీకుడు మెడలో పలక కట్టుకొని రాడు. కూలీగా వస్తాడు.

ఆ కుటుంబము మొదటి ఆదివారము మందిరమునకు వచ్చి గుమ్మము దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్నది. తెలుగు రాదు. కీర్తన రాగము తెలిసినప్పుడు మాత్రము పెదవులు కదిలేవి. సంఘస్థులు మంచివారే. క్రిస్మసుకు చీర పెట్టారు, పిల్లలకు పలకలు, బట్టలు ఇచ్చారు. అయితే ప్రభువు బల్ల ఆచరించే ఆదివారము రాగానే భార్యాభర్తలిద్దరు లేచి బయటకు వెళ్ళిపోయేవారు. ఎందుకనగా, మొదటి నెలలోనే వారిని ఉత్తరము అడిగారు. మీ పూర్వపు సంఘ కాపరి దగ్గర నుంచి బాప్తిస్మము పొందినట్లు, సభ్యులై ఉన్నట్లు ఉత్తరము తెచ్చుకొనండి, అప్పుడు చేర్చుకొంటాము అన్నారు.

అడిగినది తప్పుడు మాట కాదు. మన సంఘములన్నిటిలో ఉన్న క్రమమే. కాని వారి మందిరము కాలిపోయినది, మందిరముతోపాటు బాప్తిస్మపు పుస్తకము కాలిపోయినది. కాపరి కుటుంబము ఎక్కడికి పోయినదో వారికి తెలియదు. బూడిదను అడిగి ఉత్తరము ఎవరు తేగలరు? నాలుగు సంవత్సరములు వారు చీర పుచ్చుకొన్నారు, రొట్టె పుచ్చుకొనలేదు.

ఈ విషయము ఎలా ముగిసినదో చివరలో చెప్పెదము. దానికి ముందు మరొక శ్రీరాంపూర్‌ను చూచి రావలెను.

హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్

వేదాంత విద్య చదివిన సేవకులకు సేరంపూర్ పేరు తెలియనిది కాదు. మన దేశములో అనేక వేదాంత కళాశాలల పట్టాలు సేరంపూర్ సెనేటు పేరుననే వస్తాయి. అయితే దాని అసలు పేరు శ్రీరాంపూర్ అని చాలామందికి తట్టదు. కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఆ దినములలో డెన్మార్కు దేశము వారి చేతిలో ఉండేది. చుట్టూ ఉన్న దేశమంతా ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నది. తన రాజ్యములో మిషనరీలు ఉండుట కంపెనీకి ఇష్టము లేదు.

విలియం కేరీ 1793లో అనుమతి పత్రము లేకుండానే బెంగాలులో దిగి, నీలిమందు తోటలో ఉద్యోగము చేస్తూ ఉండేవాడు. 1799 అక్టోబరులో ఆయనకు తోడుగా జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు మొదలగువారు కుటుంబములతో ఓడలో వచ్చారు. కంపెనీ రాజ్యములో అడుగు పెడితే వెనుకకు పంపివేస్తారని తెలిసి, డేనిష్ శ్రీరాంపూర్‌లో దిగారు. వారిలో గ్రాంటు అనేవాడు ఆ నెలలోనే చనిపోయాడు. భార్య, పిల్లలు పరాయి దేశములో మిగిలారు. ప్రాణభయముతో పరుగెత్తి వచ్చిన కాందిశీకులని వీరిని అనలేము గాని, నిలువ నీడ, ఉండుటకు అనుమతి లేని స్థితి మాత్రము వీరిదే.

అప్పుడు ఆ ఊరి గవర్నరు ఓలే బీ అనే డేనిష్ అధికారి మూడు మేళ్ళు చేశాడు. మొదటిది, ఉండనిచ్చాడు. కలకత్తా నుంచి ఒత్తిడి వచ్చినను వారిని అప్పగించలేదు. రెండవది, కాగితమిచ్చాడు. కేరీని తీసుకొని వచ్చుటకు వార్డు కంపెనీ రాజ్యములోనికి వెళ్ళినప్పుడు ఆయన చేతిలో ఉన్నది డేనిష్ పాస్‌పోర్టు. మూడవది, పని చేసుకొననిచ్చాడు. పాఠశాల పెట్టుకొనుటకు, అచ్చుయంత్రము నడుపుకొనుటకు అడ్డు చెప్పలేదు. 1800 జనవరి 10న కేరీ కూడా కుటుంబముతో అక్కడికి చేరాడు.

నీడ, కాగితము, పని. ఆ గవర్నరు గొప్ప ప్రసంగీకుడు కాడు, ప్రభుత్వ ఉద్యోగి. అయినను ఇల్లు లేని విశ్వాసికి మొదట కావలసిన మూడింటిని ఎరిగినవాడు.

ఆశ్రయమిచ్చినవారికి తిరిగి వచ్చినది

ఆ నీడ క్రింద ఏమి పెరిగినదో ఆలోచించండి. తెలుగులో క్రొత్త నిబంధనను బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 18వ శతాబ్దములోనే అనువదించినను అది అచ్చు కాలేదు. విశాఖపట్నములో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయముతో అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో ఆ శ్రీరాంపూర్ ముద్రణాలయములోనే అచ్చయ్యాయి. 1812 మార్చిలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదము జరిగి అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయినను వారు మరల పోత పోసుకొన్నారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడి నుంచే వచ్చినది. పరాయి పిల్లలకు ఎవరో నీడనిచ్చారు, మన తెలుగు ఇంటికి సువార్త అచ్చులో వచ్చినది.

1812 జూనులో అమెరికా నుంచి అడోనిరామ్ జడ్సన్, ఆయన భార్య యాన్ కలకత్తాలో దిగారు. వారిని కేరీ శ్రీరాంపూర్‌కు పిలుచుకొని పోయి ఇంట పెట్టుకొన్నాడు. ఒకప్పుడు నీడ అడిగినవాడు ఇప్పుడు నీడనిచ్చాడు. కంపెనీ జడ్సన్ దంపతులను దేశము విడిచి పొమ్మన్నది. వారు మారిషస్, మద్రాసు తిరిగి 1813 జూలైలో రంగూన్ చేరారు. 1834లో జడ్సన్ బైబిలు మొత్తమును బర్మా భాషలోనికి అనువదించుట ముగించాడు. తరువాత వచ్చిన బాప్తిస్టు మిషనరీల ద్వారా బర్మా పర్వతములలోని చిన్ జాతివారు ప్రభువును ఎరిగారు.

ఇక మన కాలమునకు రండి. 2021 ఫిబ్రవరి 1న మయన్మారులో, అనగా పూర్వపు బర్మాలో, సైన్యము అధికారము చేజిక్కించుకొన్నది. చిన్ పల్లెల మీద బాంబులు పడ్డాయి. వేలాది చిన్ విశ్వాసులు తియావ్ నది దాటి మన దేశములోని మిజోరము రాష్ట్రమునకు వచ్చారు. వారి సంఖ్య 30 వేలు దాటినది. రానివ్వవద్దని ఢిల్లీ నుంచి సరిహద్దు రాష్ట్రములకు ఆజ్ఞ వెళ్ళినను, మిజో ప్రజలు వారిని మా రక్తసంబంధులు, మా విశ్వాసులు అని చెప్పి చేర్చుకొన్నారు. సంఘములు, యువజన సంఘములు వెదురుతో ఇళ్ళు కట్టించి, బియ్యము, దుప్పట్లు ప్రోగుచేసి, పిల్లలను బడికి పంపాయి. 2023 మే 3న మణిపూరులో అల్లర్లు చెలరేగి సుమారు 60 వేలమంది ఇళ్ళు విడిచినప్పుడు వారిలోనూ వేలమంది మిజోరములోనే తలదాచుకొన్నారు. మిజోరము ధనిక రాష్ట్రము కాదు. కొండ మీద మొక్కజొన్న, వరి వేసుకొని బ్రతికే ప్రజలు. ఉన్నవాడు పెట్టుట వేరు, లేనివాడు పంచుకొనుట వేరు.

మన తెలుగువారు కూడా కాందిశీకులైనవారే. కోస్తా ఓడరేవుల నుంచి కూలికి రంగూన్ పోయిన వేలాది తెలుగువారు, 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన తరువాత కొండలు, అడవులు నడిచి వచ్చారు. దారిలో చనిపోయినవారు ఎందరో. మిగిలినవారిని 1962లో వచ్చిన సైనిక ప్రభుత్వము 1964 ప్రాంతములో దుకాణములు, ఆస్తులు తీసుకొని వెళ్ళగొట్టినది. విశాఖపట్నములో బర్మా క్యాంపు అనే పేట ఇంకను ఆ పేరుతోనే ఉన్నది. శ్రీరాంపూర్ నుంచి రైలు మార్గమున ఉత్తరానికి పోతే వచ్చే కాగజ్‌నగర్ దగ్గర నజ్రుల్ నగర్‌లో తూర్పు పాకిస్తాను నుంచి వచ్చిన బెంగాలీలకు ప్రభుత్వము భూమి చూపి నిలబెట్టినది. కాబట్టి ఇది ఎక్కడిదో దూరపు మాట కాదు, మన జిల్లా మాట.

గ్రంథము ఏమి చూపుచున్నది?

మన ప్రభువు పసితనములోనే ఐగుప్తులో తలదాచుకొన్నాడు. యోసేపు మరియలకు అక్కడ ఎవరో ఇల్లు అద్దెకిచ్చి ఉండవలెను. వారి పేరు గ్రంథములో లేదు, ప్రభువుకు తెలుసు. స్తెఫను మరణము తరువాత చెదరిపోయిన విశ్వాసులే అంతియొకయలో సంఘమును కట్టారని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము చెప్పుచున్నది. క్రైస్తవులు అను పేరు మొదట వచ్చినది ఆ సంఘమునకే. యెరూషలేములో కరువు వచ్చినప్పుడు సహాయము పంపినది కూడా ఆ సంఘమే. క్లౌదియ చక్రవర్తి రోమా నుంచి వెళ్ళగొట్టిన అకుల, ప్రిస్కిల్లలు కొరింథులో పౌలుకు ఇల్లు, పని రెండును ఇచ్చారు. తరువాత వారి ఇంటిలో సంఘము కూడినది.

గనుక కాందిశీకుడైన విశ్వాసిని మనము పోషించవలసిన భారముగా మాత్రమే చూడకూడదు. అతని చేతిలో మన కొరకు దేవుడు ఏమి పంపాడో మనకు తెలియదు.

మన సంఘములు చేయగల పనులు

మొదటిది నీడ. వచ్చిన కుటుంబమును మందిరపు వరండాలో నెలల తరబడి ఉంచుట మంచిది కాదు. ఆడపిల్లలున్న కుటుంబమునకు తలుపున్న గది కావలెను. ఇద్దరు ముగ్గురు సంఘస్థులు కలిసి మూడు నెలల అద్దె భరించగలరు. బియ్యము ఒక్కసారి బస్తాడు ఇచ్చుటకంటె, వారమునకు ఒక ఇల్లు చొప్పున వంతు వేసుకొంటే సహాయముతోపాటు పరిచయము పెరుగును. వెలిగొట్టబడినవానికి ఆకలికంటె పెద్ద బాధ, తన పేరు పెట్టి పిలిచేవారు లేకపోవుట.

రెండవది కాగితము. మన దేశపు పౌరుడు దేశములో ఎక్కడైనను నివసించుటకు రాజ్యాంగము హక్కునిచ్చినది. పొరుగు రాష్ట్రపు ఆహార భద్రత కార్డు ఉన్నవారు ఒకే దేశము ఒకే రేషన్ కార్డు ఏర్పాటు ద్వారా ఇక్కడి రేషన్ దుకాణములోనే బియ్యము తీసుకొనవచ్చును. టీసీ రాలేదని, వయస్సు ధ్రువపత్రము లేదని బడిలో పిల్లను చేర్చుకొనకుండ ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఈ మూడు విషయములు తెలిసిన ఒక సంఘస్థుడు వారితోకూడ కార్యాలయమునకు వెళ్ళి నిలబడితే చాలు, సగము పని అవుతుంది. వచ్చినవారు ఇతర దేశస్థులైతే వేరే సంగతి. విదేశీయులకు బస ఇచ్చినవారు పోలీసువారికి తెలియజేయవలెనని చట్టము. దాచిపెట్టుట ప్రేమ కాదు, తరువాత వారికే కీడు. న్యాయవాదిని వెంటబెట్టుకొని సరియైన మార్గమున నడిపించవలెను.

మూడవది పని. కూలి ఇప్పించునప్పుడు అందరికిచ్చే కూలియే ఇప్పించండి. దిక్కులేనివాడు తక్కువకు చేస్తాడని విశ్వాసి రైతు లెక్క వేయుట మంచిది కాదు. కుట్టుమిషను, గేదె, తోపుడు బండి, ఏదైనను వారి చేతి విద్యను బట్టి అప్పుగానైనను ఇవ్వవచ్చును. అప్పు తీర్చినవాడు తలెత్తుకొని మందిరములో కూర్చుంటాడు.

చేయకూడనివి కూడా ఉన్నవి. వారి ఫొటోలు తీసి చందాల కొరకు వాడుకొనవద్దు. వారి ఊరు, పేరు బయటపడితే వెనుక మిగిలినవారికి అపాయము. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, ప్రభుత్వము నమోదు చేయని హాస్టళ్ళలోనికి పంపవద్దు. అది చట్ట విరుద్ధము, పిల్లలకు ప్రమాదము. జరిగిన సంగతిని మరల మరల సాక్ష్యముగా చెప్పించవద్దు, గాయము మానుటకు మౌనము కూడ అవసరము. వారి కథ విని మరియొక మతమువారి మీద ద్వేషము పెంచుకొనవద్దు. ఆ అల్లర్లలో క్రైస్తవ కుటుంబములను తమ ఇంట దాచిన హిందూ సహోదరులున్నారు. వారిని కూడ జ్ఞాపకము చేసికొనవలెను. మేలు అందరికిని చేయవలెననియు, ఇంటివారిని విశేషముగా మరువకూడదనియు గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు నేర్పిన క్రమము ఇదే. 2022 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ నారాయణపూర్ ప్రాంతమున వందలాది ఆదివాసి విశ్వాసులు ఊళ్ళు విడిచి స్టేడియములో తలదాచుకొన్నారు. అది మన గోదావరికి దూరము కాదు. రేపు ఎవరు మన గుమ్మములో నిలబడుదురో మనకు తెలియదు గనుక ఇప్పుడే సిద్ధపడుట మంచిది.

నాలుగవది - బల్ల

నీడ, కాగితము, పని ఇచ్చుట గవర్నరు కూడ చేయగలడు. సంఘము మాత్రమే ఇవ్వగలిగినది నాలుగవది, అది ప్రభువు బల్ల దగ్గర చోటు. శ్రీరాంపూర్ సహోదరులు ఆ చోటును ఎలా ఇచ్చారో ఇప్పుడు చెప్పెదము.

ఒక బల్ల ఆదివారమున స్త్రీల సమాజపు పెద్దమ్మ ఒకామె ఆ ఒడియా సహోదరి వెంట బయటకు వెళ్ళి, "బల్ల నాడే ఎందుకు లేచి పోతవు బిడ్డా?" అని అడిగినది. వచ్చీరాని తెలుగులో ఆమె, "చిట్టీ లేదమ్మా" అన్నదట. పెద్దమ్మ ఆ మాట సంఘ కమిటీకి తెచ్చినది. అక్కడ వాదము జరిగినది. క్రమము ఒకరి కొరకు సడలిస్తే రేపు ఎవరైనా వస్తారని కొందరు అన్నారు. అబద్ధము చెప్పి సహాయము కొరకు చేరేవారు లేరా అని మరికొందరు అన్నారు. ఆ భయము ఊరకనే పుట్టినది కాదు, అటువంటివారిని అన్ని సంఘములు చూచినవే.

అప్పుడు మనము మొదట చెప్పిన ఆ తాత లేచి ఇలా అన్నాడట: "బాయిల మన బిళ్ల పోతే ఏం చేస్తరు? పక్కపొంట పనిచేసినోళ్లను అడుగుతరు, ఔ వీడు మనోడే అంటే కొత్త బిళ్ల రాసిస్తరు. నువ్వు కూలోనివే కాదు పో అని ఇంటికి తోలరు గద! వీళ్ల బిళ్ల కాలిపోయింది. నాలుగేండ్లు మన పక్కన కూసున్నరు. మనం సాక్ష్యం చెప్పకుంటే ఇంకెవరు చెప్తరు?"

ప్రియులారా, ఆ తాత ఎక్కువ చదువుకొన్నవాడు కాడు గాని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము ఆయన నోట పలికినది. మారుమనస్సు పొందిన సౌలు యెరూషలేము వచ్చినప్పుడు అతని చేతిలో సంఘమిచ్చిన ఉత్తరమేదియు లేదు. శిష్యులు నమ్మలేదు, భయపడ్డారు. వారి భయమునకు కారణమున్నది. బర్నబా అతనిని చేయిపట్టి తీసుకొని వెళ్ళి, అతని పక్షమున తానే సాక్ష్యమిచ్చాడు. బర్నబా మాటే సౌలుకు ఉత్తరమైనది. ఆ దినము బర్నబా నోరు విప్పకపోతే అన్యజనుల అపొస్తలుడు గుమ్మము దగ్గరనే నిలిచిపోయెడివాడు.

కమిటీ క్రమమును కొట్టివేయలేదు. ఉత్తరము తేలేనివారి కొరకు ఒక మార్గము ఏర్పరచినది. కాపరి, ఇద్దరు పెద్దలు కూర్చుండి, హిందీ ఒడియా రెండును తెలిసిన ఒకరి సహాయముతో వారి రక్షణ సాక్ష్యము విన్నారు. ఆ ప్రాంతములో పరిచర్య చేసిన మరియొక సేవకుని ద్వారా విచారించారు. సంఘములో రెండు కుటుంబములు వారికి సాక్షులుగా సంతకము చేశాయి. తరువాత సంఘపు పుస్తకములో భార్యాభర్తల పేర్లు వ్రాసి, పూర్వపు సంఘము అను గడిలో వారి పల్లె పేరు, దాని పక్కన మందిరము కాలిపోయినది అను మాట వ్రాశారు. ఆ పుస్తకమును మేము చూచాము. ఆ గడి ఉన్నంతకాలము ఆ కాలిపోయిన చిన్న మందిరము పేరు ఈ బొగ్గు ఊరిలో బ్రదికి ఉండును.

ఆ తరువాత వచ్చిన బల్ల ఆదివారమున ఆ సహోదరుని ప్రార్థన చేయమన్నారు. ఒడియాలో చేశాడు. ఎవరికీ ఒక్క మాట అర్థము కాలేదు గాని, ఆయన ఆమేన్ అన్నప్పుడు మందిరమంతా ఆమేన్ అన్నదని పెద్దలు చెప్పారు. ఇప్పుడు ఆయన ఆదివారములలో గుమ్మము దగ్గరనే ఉంటాడు. కూర్చుని కాదు, నిలబడి. కొత్తగా పనికి వచ్చిన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీలు మందిరము బయట సంకోచిస్తే వారి భాషలో పలుకరించి లోపలికి తెచ్చి ముందు వరుసలో కూర్చుండబెట్టుట ఆయనకు సంఘము అప్పగించిన పని.

మీ సంఘములో ఈ నెల కమిటీ కూడినప్పుడు ఈ ఒక్క ప్రశ్న ముందు పెట్టుడని బతిమాలుకొనుచున్నాము. ఉత్తరము తేలేని విశ్వాసి మన గుమ్మములోనికి వస్తే, అతని పక్షమున సాక్ష్యమిచ్చుటకు మనలో ఇద్దరు ఎవరు? పేర్లు ముందుగానే వ్రాసి ఉంచండి. చెప్పుల దగ్గర ఎవరు కూర్చున్నారో వచ్చే ఆదివారము ఒకసారి చూడండి. వారి ఊరేదో అడగండి, జవాబు వచ్చువరకు నిలిచి వినండి.

ఇల్లు లేక తిరుగుచున్న ప్రతి కుటుంబమునకు ప్రభువు నీడయై, మన సంఘములను ఆ నీడకు కొమ్మలుగా చేయును గాక. ఆమేన్.